గెడ్డ నీటి నుంచి జీన్ దాకా: బ్యాక్టీరియాను గుర్తుపట్టడం, మందుకు ఎందుకు లొంగట్లేదో చదవడం

ఒడిశాలోని రాయగడలో మా వీధి చివర మందుల షాపు దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే చాలు, ఎవరో ఒకరు "మొన్న ఇచ్చింది పనిచెయ్యలేదు బాబూ, ఇంకొంచెం పవర్ ఉన్నది ఇయ్యి" అనడం వినపడుతుంది. తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా మాట అదే. మొన్నటి మందు ఎందుకు పనిచెయ్యలేదు? వచ్చింది వైరల్ జ్వరం కావచ్చు, అప్పుడు యాంటీబయాటిక్‌కి అక్కడ పనే లేదు. రెండు రోజులు వేసుకుని ఆపేసి ఉండొచ్చు. లేదా లోపలున్న బ్యాక్టీరియా ఆ మందుకు లొంగడం మానేసి ఉండొచ్చు. ఈ చివరిదాన్ని ఊహించి చెప్పలేం, పరీక్షించే చెప్పాలి. మొదటి శాంపిల్ నుంచి చివరి రిపోర్టు దాకా అది ఎలా చెయ్యాలో నేను నేర్చుకున్న వరుసలోనే రాస్తున్నాను.

బరంపురం, కోరాపుట్, పర్లాకిమిడి, ఇటు శ్రీకాకుళం, పార్వతీపురం వైపు మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదువుతున్న పిల్లల కోసం, చిన్న ఆస్పత్రి ల్యాబుల్లో కల్చర్లు పెట్టేవాళ్ల కోసం ఇది. "అక్కా, సీక్వెన్సర్ లేని ఊళ్లో ఈ పని ఎలా చేస్తాం?" అని అడుగుతుంటారు. డీఎన్ఏ అక్షరాలు చదివే ఆ మెషిన్ హైదరాబాద్‌లోనో భువనేశ్వర్‌లోనో ఉంటుంది, డబ్బు కడితే చదివి పంపిస్తారు. కానీ శాంపిల్ సరిగ్గా తీయడం, అందులోంచి ఒకే ఒక్క బ్యాక్టీరియాను విడదీయడం, దాన్ని మందులతో పరీక్షించడం, చివర్లో వచ్చిన అక్షరాలను, బ్యాక్టీరియా పెంచిన ప్లేటు పక్కన పెట్టుకుని చదవడం మన దగ్గరే జరుగుతాయి. ఫలితం నిజమా కాదా అన్నది తేలిపోయేది కూడా ఇక్కడే.

2007లో మా రాయగడ, పక్కనున్న కోరాపుట్, కలహండి జిల్లాల్లో కలరా వచ్చింది గుర్తుందా? కొండ ఊళ్లలో గెడ్డ నీళ్లు, అంటే కొండ వాగు నీళ్లు, చువా నీళ్లు తాగేవాళ్లను పట్టుకుంది. చువా అంటే మన చెలమే. ఆ రోగుల నుంచి తీసిన బ్యాక్టీరియా మామూలు పరీక్షల్లో కలరా తెచ్చే విబ్రియో కలరే ఓ1, ఎల్ టార్ రకం అనే వచ్చింది. జీన్ చదివితే ఇంకో సంగతి తేలింది. శరీరం ఎల్ టార్‌దే కానీ, విషం తయారు చేసే సీటీఎక్స్-బి జీన్ మాత్రం పాత క్లాసికల్ రకాన్ని పోలినది. ప్లేటు మీద రెండూ ఒకేలా పెరుగుతాయి, తేడా డీఎన్ఏలోనే ఉంటుంది. అందుకే జీన్ చదవాలంటాను. అలాగని ప్లేటు వదిలేసి జీన్ ఒక్కటే చదివితే ఎలా మోసపోతామో కూడా కింద చెబుతాను.

ముందు ప్రశ్న తేల్చుకోండి

చాలామంది "సీక్వెన్సింగ్ చేయిస్తాం" అని మొదలుపెడతారు, ఏం తెలుసుకోవాలో మాత్రం రాసుకోరు. ప్రశ్నను బట్టి పద్ధతి మారుతుంది, ఖర్చు పదింతలు మారుతుంది.

బ్యాక్టీరియా పేరు మాత్రమే కావాలంటే 16ఎస్ అనే జీన్ ఒక్కటి సాంగర్ పద్ధతిలో, అంటే ఒక్కో డీఎన్ఏ ముక్కనే చదివే పాత పద్ధతిలో, చదివించుకుంటే సరిపోతుంది. ఫలానా జీన్, ఉదాహరణకి మెరోపెనెం లాంటి మందులని విరగ్గొట్టే ఎన్‌డీఎం, ఉందా లేదా అన్నదే ప్రశ్న అయితే మామూలు పీసీఆర్, అంటే ఆ జీన్ ఒక్కదాన్నే లక్షల కాపీలు చేసి చూడడం, చాలు, కాకపోతే మొదటిసారి జెల్ మీద గీతలా వచ్చిన బ్యాండ్‌ని ఒకసారి సాంగర్‌తో చదివించి అది నిజంగా ఆ జీనేనని తేల్చుకోండి. రెసిస్టెన్స్, అంటే మందుకు లొంగకపోవడం, తెచ్చే జీన్లన్నీ తెలియాలి, లేదా ఒకే వార్డులోని ఇద్దరు రోగుల్లో ఉన్నది ఒకే బ్యాక్టీరియానా కాదా అని తేల్చాలి అంటే పూర్తి జీనోం చదవాలి. నాలుగో దారి మెటాజీనోమిక్స్, అంటే కల్చర్ చెయ్యకుండా గెడ్డ నీళ్లలోనో మలంలోనో ఉన్న డీఎన్ఏ అంతా కలిపి చదవడం. కొత్తవాళ్లు దాంతో మొదలుపెట్టొద్దని నా సలహా, ఎందుకంటే రెసిస్టెన్స్ జీన్ దొరుకుతుంది గానీ అది ఏ బ్యాక్టీరియాదో, ఆ బ్యాక్టీరియా బతికే ఉందో చెప్పడం చాలా కష్టం.

అనుమతి, జాగ్రత్త

రోగి శాంపిల్ ముట్టుకునే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, రోగికి అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. మా వైపు ఆ భాష చాలాసార్లు కుయి అవుతుంది, ఆ భాష వచ్చిన ఆశా కార్యకర్తను వెంట తీసుకెళ్లండి. పని బీఎస్ఎల్-2 స్థాయి జాగ్రత్తలున్న ల్యాబులో చెయ్యాలి, ఇంట్లోనో క్లాసు గది మూలలోనో కాదు. టీబీ అనుమానం ఉన్న కఫాన్ని అక్కడ కూడా కల్చర్ చెయ్యొద్దు, దానికి అంతకన్నా కట్టుదిట్టమైన ల్యాబు కావాలి. వాడేసిన ప్లేట్లు, ట్యూబులు అన్నీ 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేశాకే బయటికి వెళ్లాలి. చెత్త సంచి నిండుగా ఉంటే మధ్యలోకి వేడి చేరదు, సంచి సగమే నింపి ఎక్కువసేపు ఉంచండి. రెసిస్టెంట్ బ్యాక్టీరియాను పెంచి పెంచి డ్రైనేజీలోకి వదిలితే మనం చేసే పనికి అర్థం ఉండదు.

శాంపిల్

వీలైనంత వరకు మొదటి యాంటీబయాటిక్ డోసు పడకముందే తీయాలి. మా దగ్గర ఇది నిజంగా కష్టం, రోగి ఆస్పత్రికి వచ్చేసరికే ఊళ్లో ఎవరో ఏదో ఒక మాత్ర ఇచ్చి ఉంటారు. అప్పుడు ఏం వేసుకున్నారో, ఎన్ని రోజులో అడిగి ఫారం మీద రాయండి. పేరు తెలియదంటే ఖాళీ స్ట్రిప్ తెమ్మనండి, తెస్తారు.

యూరిన్ అయితే మధ్య ధార, రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి, చేరకపోతే 4 డిగ్రీల్లో పెట్టండి. కలరా అనుమానం ఉన్న మలాన్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, క్యారీ-బ్లెయిర్ మీడియంలో స్వాబ్ ముంచి మామూలు వేడిలోనే పంపండి. వెన్నునీరు కూడా చల్లబరచకూడదు, అందులో పెరిగే కొన్ని బ్యాక్టీరియాలు చలికి చచ్చిపోతాయి. కాశీపూర్ వైపు కొండ ఊళ్ల నుంచి శాంపిల్ ల్యాబు చేరడానికి సగం రోజు పట్టొచ్చు కాబట్టి, "ట్యూబులో పోసి జీపులో ఇచ్చేశాం" అంటే కుదరదు, ఏ శాంపిల్‌కి ఏ మీడియం అన్నది బయలుదేరే ముందే సిద్ధం చేసుకోవాలి.

గెడ్డ నీళ్లు అయితే శుభ్రమైన స్టెరైల్ సీసాలో తీసి, ఆల్కలైన్ పెప్టోన్ వాటర్‌లో ఆరు నుంచి ఎనిమిది గంటలు పెంచి, టీసీబీఎస్ ప్లేటు మీద గీయండి. విబ్రియో కలరే పసుపు కాలనీలుగా వస్తుంది. పసుపుగా వచ్చినదంతా కలరా కాదు, దాని అన్నదమ్ములు కూడా పసుపుగానే వస్తాయి.

ఒక్క కాలనీ, ఒక్క బ్యాక్టీరియా

ఈ అడుగు దగ్గర మీరు ఎంత ఓపిక పడితే తర్వాత అంత డబ్బు మిగులుతుంది. మాకాంకీ, బ్లడ్ అగర్ ప్లేట్ల మీద గీసి 35 నుంచి 37 డిగ్రీల్లో ఒక రాత్రి ఉంచుతాం. విడిగా ఉన్న ఒక కాలనీ తీసుకుని కొత్త ప్లేటు మీద మళ్లీ గీయండి. దానిలోంచి ఇంకో కాలనీ తీసి మూడోసారి గీయండి. ఒక్కసారికే శుభ్రంగా కనిపిస్తుంది, నిజమే, కానీ క్లెబ్సియెల్లా లాంటి జిగురు కాలనీ కింద ఈ.కోలై దాక్కుని ఉండొచ్చు.

మేము మొదట్లో తొందరపడ్డాం. ఒక పుండు శాంపిల్‌లో వచ్చిన కాలనీని ఒకేసారి గీసి డీఎన్ఏ తీసి పంపేశాం. మూడు వారాలు ఎదురుచూశాక వచ్చిన ఫైలు తెరిస్తే, ఒక్కో అక్షరానికి ఒక్క శిఖరం ఉండాల్సిన గ్రాఫులో మొదటి నుంచి చివరిదాకా ప్రతి చోటా రెండేసి శిఖరాలు ఒకదాని మీద ఒకటి. చదవడానికి ఒక్క వరుస లేదు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది, ఆ నెల డబ్బంతా అందులోనే పోయింది. అప్పటి నుంచి మూడుసార్లు గీయకుండా ఏదీ బయటికి పంపలేదు.

గ్రామ్ స్టెయిన్, క్యాటలేజ్, ఆక్సిడేజ్ చేసి ఫలితాలు పుస్తకంలో రాయండి. ఇవి పాత పరీక్షలే కానీ సీక్వెన్స్ చెప్పిన పేరు సరైనదో కాదో చెప్పే మొదటి సాక్ష్యాలు ఇవే. గ్రామ్ పాజిటివ్ గుండ్రటి కణాలు చూసి పంపితే ఈ.కోలై అని వచ్చిందనుకోండి, ట్యూబ్ మారిపోయిందని అప్పుడే అర్థమవుతుంది. ఇరవై శాతం దాకా గ్లిజరాల్ కలిపి రెండు వైల్స్ మైనస్ 80లో దాచండి. కరెంటు పోయే ఊళ్లో ఆ రెండూ రెండు వేర్వేరు ఫ్రీజర్లలో ఉండాలి.

మందు పరీక్ష సీక్వెన్సింగ్‌కి ముందే

దీన్ని చాలామంది వదిలేస్తారు, "జీన్లు చూస్తే తెలిసిపోతుంది కదా" అంటారు. తెలియదు. జీన్ చెప్పేది ఏం జరగొచ్చో, ప్లేటు చూపించేది ఏం జరిగిందో.

కర్బీ-బావర్ డిస్క్ పద్ధతి, అంటే బ్యాక్టీరియా పరిచిన ప్లేటు మీద మందు నింపిన కాగితపు బిళ్లలు పెట్టడం, ఏ ల్యాబులోనైనా చెయ్యొచ్చు. ముల్లర్-హింటన్ అగర్ సరిగ్గా 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి, ఎక్కువ మందం అయితే జోన్, అంటే డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం, చిన్నదై సెన్సిటివ్‌ది కూడా రెసిస్టెంట్‌లా కనిపిస్తుంది. బ్యాక్టీరియా మడ్డి 0.5 మెక్‌ఫార్లాండ్ స్టాండర్డ్‌తో సరిపోవాలి, అంటే మిల్లీలీటర్‌కి సుమారు 15 కోట్ల కణాలు. డిస్కులు పెట్టి 35 డిగ్రీల్లో 16 నుంచి 18 గంటలు ఉంచి, జోన్లు స్కేలుతో కొలిచి, సీఎల్ఎస్ఐ లేదా యూకాస్ట్ సంస్థల పట్టికతో పోల్చండి. ఏ సంవత్సరం పట్టిక వాడారో రాయండి, అవి మారుతుంటాయి. ప్రతి బ్యాచ్‌తో ఏటీసీసీ 25922 అనే ఈ.కోలై కూడా పెట్టండి, దాని జోన్ చెప్పిన హద్దుల్లో లేకపోతే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టెయ్యాల్సిందే.

కొలిస్టిన్‌కి డిస్క్ వాడొద్దు. ఆ మందు అగర్‌లో సరిగ్గా పాకదు, జోన్ అబద్ధం చెబుతుంది. బ్రాత్ మైక్రోడైల్యూషన్, అంటే వేర్వేరు మోతాదుల మందు కలిపిన ద్రవంలో పెంచి చూడడం, చెయ్యాలి. చివరి ఆశగా మిగిలిన మందుల్లో అది ఒకటి, కోళ్ల మేతలో వాడడాన్ని మన ప్రభుత్వం 2019లో ఆపింది కూడా అందుకే, దాన్ని తప్పుగా చదివితే ఒక ప్రాణం మీదకి వస్తుంది.

డీఎన్ఏ తీయడం, పంపడం

పీసీఆర్‌కి మాత్రమే అయితే రెండు మూడు కాలనీలు నీళ్లలో కలిపి పది నిమిషాలు మరిగే వేడిలో ఉంచి, సెంట్రిఫ్యూజ్ తిప్పి పైన తేరిన నీటిని వాడుకోవచ్చు. పూర్తి జీనోంకి కాలమ్ కిట్టుతో శుభ్రంగా తీయాలి. గ్రామ్ పాజిటివ్ వాటి గోడ మందం, ముందు లైసోజైమ్ పెట్టాలి, స్టెఫిలోకాకస్‌కి అది కూడా చాలదు, లైసోస్టాఫిన్ కావాలి.

నానోడ్రాప్‌లో డీఎన్ఏ ఎంత శుభ్రమో చెప్పే 260/280 విలువ 1.8 చుట్టూ ఉండాలి. ఎంత డీఎన్ఏ ఉందన్న లెక్కకి మాత్రం నానోడ్రాప్‌ని నమ్మొద్దు, అది ఆర్ఎన్ఏని కూడా కలిపి లెక్కపెడుతుంది. క్యూబిట్ ఉంటే దానితో కొలవండి. జెల్ మీద వేసి చూస్తే పైన ఒక్క గట్టి బ్యాండ్ కనిపించాలి, కింద దాకా పొగలా జారితే డీఎన్ఏ ముక్కలైపోయింది.

మనలాంటి దూరపు ఊళ్లకి ఇందులో ఒక మేలు ఉంది. బతికున్న బ్యాక్టీరియాను పంపాలంటే మూడు పొరల ప్యాకింగు, కాగితాలు, కొరియర్ వాళ్ల అభ్యంతరాలు. శుద్ధి చేసిన డీఎన్ఏ అయితే అంటువ్యాధి అంటించదు, బఫర్‌లో ఉంటే రెండు మూడు రోజుల ప్రయాణం తట్టుకుంటుంది. ఐస్ ప్యాక్ పెట్టి సోమవారం పంపండి. శుక్రవారం పంపితే ఆదివారం అంతా ఏదో గోడౌన్‌లో ఎండకి ఉంటుంది.

16ఎస్: పేరు పట్టుకోవడం

ప్రతి బ్యాక్టీరియాలో ప్రొటీన్లు తయారు చేసే రైబోజోమ్ ఉంటుంది, దాని ఒక భాగానికి నమూనా ఈ 16ఎస్ జీన్, సుమారు 1,500 అక్షరాల పొడవు. అందులో కొన్ని చోట్లు అన్ని బ్యాక్టీరియాల్లో దాదాపు ఒకేలా ఉంటాయి, మధ్యలో తొమ్మిది చోట్లు జాతికో రకంగా మారుతుంటాయి. ఒకేలా ఉన్న చోట పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్క, అంటే ప్రైమర్, అతుక్కుంటుంది, మారే చోటు పేరు చెబుతుంది. 1977లో కార్ల్ వూస్, జార్జ్ ఫాక్స్ ఈ అణువునే పోల్చి ఆర్కియా అనే వేరే కొమ్మ ఉందని చూపించారు. సాంగర్ తన సీక్వెన్సింగ్ పద్ధతి ప్రచురించిందీ అదే ఏడాది.

ప్రైమర్లు 27ఎఫ్, 1492ఆర్. పీసీఆర్ మెషిన్‌లో 95 డిగ్రీల్లో 5 నిమిషాలు, తర్వాత 95లో 30 సెకన్లు, 55లో 30 సెకన్లు, 72లో 90 సెకన్లు, ఇలా 30 సార్లు, చివర 72లో 10 నిమిషాలు. ప్రతిసారీ డీఎన్ఏ వెయ్యని ఒక ట్యూబ్ పెట్టండి. 16ఎస్ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే నీళ్లలో, రీఏజెంట్లలో ఉన్న బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా ఇదే ప్రైమర్లకి దొరుకుతుంది. ఆ ఖాళీ ట్యూబులో 1,500 దగ్గర బ్యాండ్ వస్తే మిగతావి చూడక్కర్లేదు, అన్నీ పారేసి కొత్త నీళ్లతో మళ్లీ చెయ్యండి.

రెండు వైపుల నుంచీ చదివించండి. ఒక సాంగర్ రీడ్‌లో నమ్మదగ్గవి 700 నుంచి 900 అక్షరాలే, ఒక్క వైపు చదివిస్తే సగం జీన్‌తో పేరు పెట్టినట్టు అవుతుంది. వచ్చిన ఫైలులో అక్షరాలు కాదు, ముందు క్రోమాటోగ్రామ్, అంటే శిఖరాల గ్రాఫు, చూడండి. మొదటి 30, 40 అక్షరాలు, చివరి భాగం గజిబిజిగా ఉంటాయి, కోసెయ్యండి. క్వాలిటీ విలువ 20 అంటే నూటికి ఒక తప్పు, 30 అంటే వెయ్యికి ఒకటి. మొత్తం పొడవునా రెండేసి శిఖరాలు ఉంటే కల్చర్ కలిసిపోయింది. ఒకటి రెండు చోట్ల మాత్రమే ఉంటే కంగారుపడొద్దు, ఈ.కోలైలో ఈ జీన్‌కి ఏడు కాపీలు ఉన్నాయి, అవి అక్కడక్కడ ఒక అక్షరం తేడాతో ఉండటం మామూలే. రెండో రీడ్‌ని తిప్పి, జత అక్షరాల్లోకి మార్చి, మొదటిదానితో కలిపి ఒక్క వరుస చెయ్యండి.

తర్వాత ఎన్‌సీబీఐ బ్లాస్ట్, మన వరుసని డేటాబేస్‌లో ఉన్నవాటితో పోల్చే వెబ్ సాధనం. పైన వచ్చిన మొదటి పేరు రాసుకుని మూసెయ్యొద్దు. ఆ డేటాబేస్‌లో ఎవరెవరో తప్పు పేర్లతో పెట్టినవి కూడా ఉంటాయి. టైప్ స్ట్రెయిన్లకి, అంటే ఒక్కో జాతికి ప్రామాణికంగా పెట్టుకున్న బ్యాక్టీరియాలకి, మాత్రమే పరిమితం చేసి వెతకండి, లేదా ఈజ్‌బయోక్లౌడ్‌లో పోల్చండి. పోలిక శాతంతో పాటు ఎంత పొడవు పోలిందో కూడా చూడాలి. 98.7 శాతం కన్నా తక్కువ ఉంటే జాతి పేరు చెప్పకుండా ఆగాలి. ఎక్కువ ఉన్నంత మాత్రాన చెప్పెయ్యాలని కాదు, ఈ.కోలై, షిగెల్లాలను 16ఎస్ విడదీయలేదు, న్యుమోనియా తెచ్చే స్ట్రెప్టోకాకస్‌ని నోట్లో మామూలుగా ఉండే మైటిస్ నుంచి కూడా విడదీయలేదు. అలాంటప్పుడు "ఈ.కోలై లేదా షిగెల్లా" అని రాయడమే నిజాయితీ. ఐపీఏహెచ్ జీన్ పీసీఆర్ చేస్తే షిగెల్లా వైపు ఉందో లేదో కొంత తేలుతుంది, పేగు కణాల్లోకి చొరబడే ఈ.కోలైలో కూడా అది ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

16ఎస్ చదివి రెసిస్టెన్స్ గురించి ఒక్క మాట కూడా చెప్పలేం. ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ తప్పు తరచూ చూస్తుంటాను.

పూర్తి జీనోం

ఎంత డేటా అడగాలో ముందు లెక్క వేసుకోండి. ఈ.కోలై జీనోం సుమారు 50 లక్షల అక్షరాలు. ప్రతి అక్షరాన్నీ సగటున 100 సార్లు చదవాలంటే 50 కోట్ల అక్షరాల డేటా. చిన్న ముక్కలుగా చదివే ఇల్యూమినా మెషిన్‌లో ఒక జత రీడ్లు 300 అక్షరాలు అనుకుంటే, 17 లక్షల జతలకి కొంచెం తక్కువ. కంపెనీ వాళ్లు "ఒక జీబీ ఇస్తాం, రెండు జీబీ ఇస్తాం" అన్నప్పుడు ఈ లెక్క చేతిలో ఉంటే అక్కర్లేనిదానికి డబ్బు కట్టరు.

లైనక్స్ రాకపోయినా పర్వాలేదు. గెలాక్సీ అనే ఉచిత సర్వర్‌లో బ్రౌజర్ నుంచే అన్నీ నడుస్తాయి, ఫైళ్లు అప్‌లోడ్ అవ్వడానికి మాత్రం మన నెట్‌తో రాత్రంతా పడుతుంది. ఫాస్ట్‌పీతో చెడ్డ చివరలు కత్తిరించి, స్పేడ్స్‌తో ముక్కలు కలిపి, క్వాస్ట్‌తో చూడండి. ఇక్కడ ఒక నిమిషం ఆగి మొత్తం పొడవు చూడాలి. ఈ.కోలై అనుకున్నది 95 లక్షలు వచ్చిందంటే రెండు బ్యాక్టీరియాలు కలిసిపోయాయి. జీసీ శాతం, అంటే అక్షరాల్లో జీ, సీల వాటా, కూడా సాక్ష్యం చెబుతుంది, ఈ.కోలైలో 51 దగ్గర, క్లెబ్సియెల్లాలో 57 దగ్గర, స్టెఫిలోకాకస్ ఆరియస్‌లో 33 దగ్గర ఉంటుంది. చెక్‌ఎం అనే సాఫ్ట్‌వేర్ పెట్టి కల్తీ 5 శాతం లోపు ఉందో లేదో చూసుకోండి. అప్పుడు పేరు కోసం టైప్ స్ట్రెయిన్‌తో సగటు పోలిక తీస్తే, 95 శాతం దాటితే అదే జాతి.

రెసిస్టెన్స్ జీన్లు వెతకడం

రెస్‌ఫైండర్, కార్డ్, ఏఎంఆర్‌ఫైండర్‌ప్లస్. జీన్లు వెతికే ఈ మూడు సాధనాల్లో కనీసం రెండింటిలో పెట్టి చూడండి. ఫలితం ఒక పట్టికగా వస్తుంది, ఆ పట్టిక చూసి "మా బ్యాక్టీరియాలో 50 రెసిస్టెన్స్ జీన్లు" అని రాసేవాళ్లు ఎక్కువ. అందులో సగానికి పైగా ప్రతి ఈ.కోలైలోనూ పుట్టుకతోనే ఉండే పంపు జీన్లు, ఏసీఆర్-బి లాంటివి. మందుకు సులువుగా చచ్చే ఈ.కోలైలో కూడా అవి ఉంటాయి. క్లెబ్సియెల్లా న్యుమోనియేలో ఎస్‌హెచ్‌వీ జీన్ కనిపించడం వింత కాదు, అది కూడా పుట్టుకతోనే ఉంటుంది, ఆంపిసిలిన్‌కి ఆ బ్యాక్టీరియా ఎప్పుడూ లొంగదు. కాబట్టి మొదటి పని పట్టికని రెండుగా విడదీయడం: పుట్టుకతో వచ్చినవి, బయటి నుంచి సంపాదించినవి. మన కథ రెండోదానిలో ఉంటుంది.

పోలిక శాతాన్ని పూర్తిగా చదవండి. రెస్‌ఫైండర్ మామూలుగా 90 శాతం పోలిక, 60 శాతం పొడవు ఉన్నా చూపిస్తుంది. 60 శాతం పొడవే ఉందంటే జీన్ విరిగిపోయి ఉండొచ్చు, లేదా ముక్క చివర తెగి ఉండొచ్చు. ఇంకోవైపు, 99 శాతం చూసి పేరు రాసేసినా తప్పే. ఢిల్లీలో చికిత్స పొందిన ఒక రోగి నుంచి 2008లో బయటపడిన ఎన్‌డీఎం-1కీ, తర్వాత వచ్చిన ఎన్‌డీఎం-5కీ మధ్య తేడా రెండే రెండు అమైనో ఆమ్లాలు. నూటికి నూరు పోలకపోతే "ఎన్‌డీఎం కుటుంబం" అని రాయండి.

కొన్ని రెసిస్టెన్స్‌లకి కొత్త జీన్ ఉండదు, ఉన్న జీన్‌లోనే ఒక్క అక్షరం మారుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ ఇలాంటిదే. ఈ.కోలై జైర్-ఏ జీన్ తయారు చేసే ప్రొటీన్‌లో 83వ స్థానంలో సెరీన్ పోయి లూసీన్, 87లో ఆస్పార్టేట్ పోయి ఆస్పరాజీన్ వస్తే మందు పట్టుకోవాల్సిన చోటు మారిపోతుంది. సంపాదించిన జీన్ల పట్టికలో ఇది కనిపించదు, పాయింట్‌ఫైండర్ అనే భాగాన్ని విడిగా ఆన్ చెయ్యాలి. దీన్ని మరిచిపోయి "సిప్రోకి కారణం దొరకలేదు" అని తల పట్టుకున్న పిల్లల్ని చూశాను.

కలరా విషయంలో ఎస్‌ఎక్స్‌టీ అనే పేరు వెతకండి. జీనోంలో అతుక్కుని ఉండి, ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి మొత్తంగా దూకగలిగే పెద్ద మూట అది, కోట్రైమాక్సజోల్, స్ట్రెప్టోమైసిన్‌లకి లొంగని జీన్లు అందులోనే ఉంటాయి. 1992లో మద్రాసులో బయటపడిన ఓ139 కలరాలో దాన్ని మొదట గుర్తించారు.

జీన్ ప్లాస్మిడ్ మీద, అంటే బ్యాక్టీరియాల మధ్య మారగల చిన్న డీఎన్ఏ వలయం మీద, ఉందా అన్న ప్రశ్న వస్తే తొందరపడొద్దు. చిన్న రీడ్లతో చేసిన జీనోం సరిగ్గా రెసిస్టెన్స్ జీన్ల దగ్గరే విరుగుతుంది, ఎందుకంటే వాటి పక్కన ఐఎస్26 లాంటి పదేపదే వచ్చే వరుసలు ఉంటాయి. ప్లాస్మిడ్‌ఫైండర్‌లో ఇంక్-ఎఫ్ అనే ప్లాస్మిడ్ రకం వచ్చింది, ఎన్‌డీఎం కూడా వచ్చింది, కాబట్టి ఎన్‌డీఎం ఆ ప్లాస్మిడ్ మీదే ఉంది అని రాయడానికి లేదు. రెండూ ఒకే ముక్క మీద కనిపించాలి, దానికి నానోపోర్ లాంటి పొడవు రీడ్లు కావాలి.

ప్లేటు పక్కన జీన్ పెట్టి చదవడం

ఒక పెద్ద కాగితం తీసుకోండి. ఒక గడిలో మందు, పక్కన జోన్ ఎంత వచ్చింది, దాని పక్కన ఏ జీన్ దొరికింది. చాలా వరుసలు కలుస్తాయి, సెఫోటాక్సీమ్ రెసిస్టెంట్, పక్కన ఆ మందును విరగ్గొట్టే సీటీఎక్స్-ఎం-15, సరిపోయింది. కలవని వరుసల దగ్గర కూర్చోవాలి.

జీన్ ఉంది, మందుకు చచ్చిపోతోంది. జీన్ విరిగిందేమో, ముందున్న ప్రమోటర్, అంటే దాన్ని ఆన్ చేసే వరుస, లేదేమో, లేదా ఆ రోజు అగర్ మందం తప్పిందేమో. ముందు ప్లేటు మళ్లీ చెయ్యండి. జీన్ లేదు, మందుకు లొంగట్లేదు. ఇది ఇంకా ముఖ్యమైనది. మెరోపెనెంకి లొంగని క్లెబ్సియెల్లాలో ఎన్‌డీఎం, ఓఎక్స్‌ఏ-48, కేపీసీ ఏవీ లేకపోతే, ఓంప్-కే35, ఓంప్-కే36 అనే తలుపు ప్రొటీన్ల జీన్లు తెరిచి చూడండి. ఆ తలుపులు మూసుకుపోయి, లోపల సీటీఎక్స్-ఎం లాంటిది ఉంటే మందు లోపలికి తగినంత చేరదు. జీన్ పోవడం కూడా రెసిస్టెన్స్ తెస్తుంది, "ఏం దొరికింది" అని మాత్రమే వెతికే సాఫ్ట్‌వేర్ అన్నిసార్లూ దాన్ని చెప్పదు.

డాక్టరుకి వెళ్లాల్సింది ప్లేటు ఫలితం, అదీ రెండు మూడు రోజుల్లో. సీక్వెన్స్ వచ్చేసరికి వారాలు దాటుతాయి, ఆ రోగి అప్పటికే ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. సీక్వెన్స్ పనికొచ్చేది తర్వాతి రోగికి, ఆ వార్డుకి, ఆ ఊరి నీళ్లకి. దాని కోసం ఎదురుచూస్తూ డిస్క్ రిపోర్టు ఆపిన ల్యాబు ఏదైనా సరే తప్పు చేస్తున్నట్టే.

డేటా పంచుకునేటప్పుడు

మీ సీక్వెన్స్ ఎన్‌సీబీఐలో గానీ, ఫరీదాబాద్‌లో 2022లో మొదలైన ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో గానీ పెట్టండి, జోన్ కొలతలతో సహా. మా వైపు జిల్లాల బ్యాక్టీరియా అందులో లేకపోతే రేపు ఇక్కడ ఏదైనా వస్తే పోల్చడానికి మనవి ఏవీ ఉండవు. శాంపిల్ తీసిన నెల, సంవత్సరం, జిల్లా, ఎక్కడి నుంచి అంటే యూరినా పుండా గెడ్డ నీళ్లా అన్నది రాయండి. రోగి శాంపిల్ అయితే ఊరి పేరు రాయొద్దు. ముప్పై గడపలున్న కొండ ఊళ్లో "ఆడ మనిషి, 60 ఏళ్లు, ఆగస్టు" అని రాస్తే పేరు రాయనక్కర్లేదు, ఆవిడ ఎవరో పక్క ఊరివాళ్లకి కూడా తెలిసిపోతుంది.